గృహమున శునకము - భూమికి భారము

విశ్వాసమునకు కుక్క పెట్టినది పేరు. తన వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథను మనమందఱము పిన్ననాటనే వినియుంటిమి. అట్టి జంతువును పెంచుట వలన లోకమునకు కీడు కలదా యని ప్రశ్నించుట కొందఱికి కఠినముగ తోచవచ్చును. కాని మాయింట నిపుడా ప్రశ్నయే పుట్టినది. విశాఖపట్టణమున సముద్రతీరమునకు సమీపమున మా నివాసము. మాకొక నాటుకుక్క కలదు; పిల్లలు దానికి భైరవుడని పేరిడిరి. అది చాలక, మంచుదేశపు జాతికుక్క నొకదానిని తెమ్మని వారు మమ్ము వేధించుచున్నారు.

భైరవుని వలన మాకు మేలే కలిగినది. పెరటిలో పాము కనబడినచో ముందుగ నెఱిగించువాడు వాడే. నోరులేని ప్రాణికి వేళకు నీరు పెట్టవలెనను బుద్ధి పిల్లలకు వాని వలననే యలవడినది. మా యత్తగారు మడి గలవారు. వాడు వంటయింటి గడప దాటరాదు. అయినను వానికి ముద్ద పెట్టితిరా యని యడుగక ఆమె విస్తరి ముట్టదు.

పూర్వము మన యిండ్లలో కుక్కకు మిగిలిన యన్నము, మజ్జిగయే యాహారము. ఇపుడో, మాంసముతో చేసిన పొట్లములు అంగళ్లనిండ నున్నవి. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమందలి విశ్వవిద్యాలయమున భూగోళశాస్త్రాచార్యులైన గ్రెగరీ ఓకిన్ గారు 2017వ సంవత్సరమున నొక లెక్క ప్రకటించిరి. ఆ దేశమున పెంపుడు కుక్కలు, పిల్లులు కలిసి సుమారు 16 కోట్లు. మాంసాదుల నుత్పత్తి చేయుట వలన నేలకు, నీటికి, ఇంధనమునకు కలుగు భారములో నూటికి 25 మొదలు 30 వంతులు వీని తిండికొఱకేయట. అయినను ఆయన కుక్కలను వదలుకొనుడని చెప్పలేదు. మనుష్యులు తినని మాంసశేషములు గూడ ఆ పొట్లములలో చేరును గాన భారమంతయు కుక్కదే యనుట న్యాయము కాదను వారును కలరు.

లెక్కలు దూరదేశపువి; తాబేళ్లు మా వాకిటివి. జనవరి మొదలుకొని మార్చి వఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ మా తీరమునకు వచ్చి, యిసుకలో గోయి త్రవ్వి, నూఱు గ్రుడ్ల వఱకు పెట్టి పోవును. తల్లి మరల రాదు. కుక్కలు వాసన పట్టి వానిని త్రవ్వి తినును. అందుచేతనే అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచెలు కట్టిన తావులలో పొదిగింపజేసి, పిల్లలను కడలిలో విడుతురు. మేమొకసారి చూడబోయితిమి. అరచేతిలో నిముడు ఆ పసికూనలు అలలవైపు ప్రాకుచుండగా మా గొలుసు చివర భైరవుడు గుంజుకొనుచుండెను. వానిలోని వేటమృగమును మేము మొదటిసారి చూచినది ఆనాడే.

దోషమంతయు కుక్కలపై మోపుటయు తగదు. పశువులకు వాడిన డైక్లోఫినాక్ అను మందు వలన 1990 తరువాత మన దేశమున రాబందులు చాలవఱకు నశించెను. పశువులకు ఆ మందు 2006లో నిషేధింపబడినది. కళేబరములను తినువారు లేకపోగా ఆ తిండి వీథికుక్కల పాలై వాని సంతతి పెరిగెను. మనుష్యుడు త్రోవ చూపగా కుక్క నడచినది.

ఇన్నియు తలపోసి మేమొక విధమును పాటించుచున్నాము. భైరవునికి అన్నము, గ్రుడ్డు, కోడిమాంసపు వ్యర్థభాగములు పెట్టుదుము. తోడేలుకంటె కుక్కకు అన్నము వంటి పిండిపదార్థములు బాగుగ జీర్ణమగునని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఉల్లిపాయ కుక్క రక్తమునకు చెఱుపు గాన, ఉల్లియు నుప్పును వేయకమునుపే వాని పాలు తీసియుంచవలెను. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించితిమి. ఏటేట వెఱ్ఱికుక్క రోగమునకు టీకా వేయింతుము. తాబేళ్ల దినములలో చీకటిపడిన పిదప వానిని తీరమునకు కొనిపోము.

మంచుదేశపు కుక్క సంగతి వేఱు. దట్టమైన బొచ్చుగల ఆ ప్రాణి మా యుక్కలో బ్రతుకవలెనన్న రేయింబవళ్లు చల్లని గాలి యంత్రము నడువవలెను. దానికది చెఱసాల, విద్యుత్తునకది వ్యయము. పిల్లలతో వలదని చెప్పితిమి. చిన్నది రెండు దినములు మాతో మాటలాడలేదు.

భైరవుని ప్రేమించుట మానజాలము. తాబేలు నెఱుగనట్లు నటింపను జాలము. జాలి కలవారమని తృప్తిపడిన చాలదు; ఆ జాలికి వెల యెవరు చెల్లించుచున్నారో కూడ చూడవలెను. బియ్యము, పప్పు, పాలు ప్రతిదినము లెక్కించు ఇల్లాండ్రకు ఇది క్రొత్త విద్య కాదు. ఇంటిలో నొక ప్రాణిని చేర్చుకొనుటకు ముందు దాని ముద్ద ఎచటినుండి వచ్చునో యోచింపుడు.