ఆఖరి నాలుగు నిమిషాలు

జూన్ 9
ఈతపరీక్షలు మొదలు. గాజు సిలిండర్, 25 డిగ్రీల నీళ్లు, ఓ చిట్టెలుక. ఆరు నిమిషాలు. లెక్కకొచ్చేవి ఆఖరి నాలుగే. ఈత మానేసి తేలితే స్టాప్‌వాచ్ నొక్కాలి. తేలిన సెకన్లన్నీ నిస్పృహ ఖాతాలోకి. 1977లో పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త తెరిచిన ఖాతా.

"ఊరికే తేలితే ఓపిక మిగులుతుంది కదక్కా," అంది జూనియర్. ఫారంలో దానికి గడి లేదు.

జూన్ 10
వీడియోలు ఇద్దరం విడివిడిగా చూశాం. ఒక ఎలుక వెనక కాలు ఒక్కటే ఆడిస్తోంది. మునక్కుండా ఆ మాత్రం ఆడించక తప్పదు, అది తేలడమేనని నేను. అది ఈతేనని జూనియర్. సార్ వచ్చి రెండుసార్లు వెనక్కి తిప్పి చూశారు.
"ఏదో ఒకటి రాయండమ్మా. అన్నిటికీ అదే రాయండి."

జూన్ 12
తోకకి టేపు వేసి వేలాడదీసే పరీక్ష. సీ57 నల్ల ఎలుకలతో పేచీ. సొంత తోక పట్టుకుని ఎగబాకుతాయి. పైకెక్కి కూర్చుంటాయి. అందుకని తోకకి చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడుగుతాం. అప్పుడు కుదురుగా నిస్పృహ చెందుతాయి.

జూన్ 15
మెక్‌గిల్ యూనివర్సిటీలో మోగిల్ పరిశోధన బృందం, 2014. మగవాళ్ల వాసనకే ఎలుకలు ఒత్తిడికి లోనవుతాయట. మగమనిషి తొడుక్కున్న టీషర్టు దగ్గర పెట్టినా చాలు. ఆడవాళ్లతో ఆ గొడవ లేదు.
ఎనిమల్ హౌస్ అన్నకి చెప్పాను. "అందుకేనా మేడం, నన్ను చూడంగనే మూలకు పోతయి! ఆటికి తిండి పెట్టేది నేనే గద."

జూన్ 18
ప్లస్ ఆకారపు బల్ల. రెండు చేతులకి గోడలు, రెండింటికి లేవు. గోడల మధ్య నక్కితే ఆందోళన. డయజిపాం ఇస్తే బయటికొచ్చి తిరుగుతాయి.
ఇవాళొకటి మందు లేకుండానే చివరిదాకా వెళ్లి, తొంగి చూసి, కింద పడింది. రూలు ప్రకారం లెక్కలోంచి తీసేశాం.

జూన్ 19
ఫ్లూయాక్సిటిన్, దిగులు తగ్గించే మందు. ఈత ఎలుకకి కాసేపు ముందు ఒక్క సూది చాలు. మనుషులకి వారాలు.
జూనియర్ బ్యాగులో అదే మాత్రల షీటు. మొదటి వరసే ఖాళీ అయింది.

జూన్ 21
1967లో సెలిగ్‌మన్, మేయర్ కుక్కలకి షాకులిచ్చి, నిస్సహాయత నేర్చుకుంటే వచ్చేదన్నారు. 2016లో ఆ ఇద్దరే: కాదు, తిరగేసి చెప్పాం. చేతులెత్తేయడం పుట్టుకతో ఉన్నదే. తప్పించుకోవచ్చన్నదే మెదడు నేర్చుకోవాలి.
కుక్కలకి కబురు చెప్పే వీల్లేదు.

జూన్ 23
రిజర్పిన్ మన సర్పగంధ వేరులోది. బీపీకి వాడితే కొందరు దిగులుపడ్డారు. ఆ మందుతో చెవులు వాల్చి పడున్న కుందేళ్లకి 1957లో కార్ల్‌సన్ డోపా ఎక్కించాడు. లేచాయి. ఫొటోలో చెవులు నిటారుగా ఉన్నాయి.

జూన్ 26
పెట్టెకి రెండు సీసాలు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో ఒక శాతం పంచదార. తీపి మానేస్తే దేనిమీదా ఆసక్తి లేనట్టు.
పొద్దున తూకం వేస్తే ఒక పెట్టెలో తీపి సీసా పూర్తిగా ఖాళీ. గ్రూపులోకెల్లా సంతోషంగా ఉన్న ఎలుక. అన్న పెట్టె ఎత్తి చూపించాడు. పొట్టంతా తడి. సీసా కారుతోంది.