స్విచ్ ఆపితేనే ఆదా

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఒక పెద్ద సంస్థ వర్చువలైజేషన్ ద్వారా తన సర్వర్ల సంఖ్యను కుదిస్తోంది. ఆ పని సగంలో ఉండగా చూడాలని వాళ్ల డేటా సెంటర్‌కు వెళ్లాను. పని పూర్తయిన చోట ఫలితాలు మాత్రమే చూపిస్తారు. సగంలో ఉన్నచోట ఏది సులువో, ఏది కష్టమో రెండూ కనబడతాయి. హాలులో ఎడమవైపు పాత ర్యాకులున్నాయి. ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో సర్వర్ చొప్పున ఏళ్ల తరబడి కొని పేర్చినవి అవి. వాటి వెనక నిలబడితే వేడి గాలి ముఖానికి కొడుతుంది, ఫ్యాన్ల హోరులో పక్కమనిషి మాట వినబడదు. కుడివైపు కొత్త ర్యాకుల్లో సర్వర్లు తక్కువ. వెనక వదిలిన వేడి గాలి ఖాళీ అరల్లోంచి ముందుకు రాకుండా వాటికి పలకలు బిగించారు. ఎడమవైపు నడుస్తున్న పనులు ఒక్కొక్కటిగా కుడివైపుకు మారుతున్నాయి. అంతా చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఈ మొత్తంలో సాఫ్ట్‌వేర్ చేసేది తేలిక భాగం. ఏ సర్వర్ ఎవరి కోసం నడుస్తోందో లెక్క తేల్చడం, అక్కర్లేని దానికి కరెంటు నిజంగా ఆపేయడం, ఈ రెండింటిలోనే కష్టమంతా ఉంది. లాభం కూడా అక్కడే ఉంది.

ఒక్కో పనికి ఒక్కో సర్వర్ అన్న పద్ధతిని ఈనాడు తప్పుపట్టడం తేలికే గానీ, అప్పట్లో దానికి కారణాలున్నాయి. జీతాల ప్రోగ్రాం, గోడౌన్ ప్రోగ్రాం ఒకే సర్వర్‌లో ఉంటే, ఒకదాని కోసం ఏదైనా అప్‌డేట్ చేసినప్పుడు రెండోది ఆగిపోయే ప్రమాదం ఉండేది. తమ ప్రోగ్రాం పక్కన ఇంకొకటి ఉంటే సపోర్ట్ ఇవ్వబోమని అమ్మిన కంపెనీలు మెలిక పెట్టేవి. దాంతో ప్రతి శాఖా తన బడ్జెట్‌తో తన సర్వర్ తాను కొనుక్కుంది. అదీ ఏడాదికి కొద్ది రోజులుండే రద్దీకి సరిపోయేంత పెద్దది. మిగతా రోజుల్లో అది దాదాపు ఖాళీ. ఖాళీగా ఉంటే పోయేదేముంది అనుకోవచ్చు. ఎంత పోతుందో గూగుల్ ఇంజినీర్లు లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జల్ 2007లో ప్రచురించిన పరిశీలన చెబుతుంది. 5,000కు పైగా సర్వర్లను ఆరు నెలలు గమనిస్తే, అవి ఎక్కువ సమయం తమ సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం మధ్యే పనిచేశాయి. పైగా పొదుపైన సర్వర్ కూడా ఏ పనీ లేనప్పుడు, పూర్తి పనిలో వాడే కరెంటులో సుమారు సగం వాడుతుంది. అంటే పదో వంతు పనికి సగానికి పైగా బిల్లు కడుతున్నట్టు. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి పంపడానికి ఏసీలకు మళ్లీ కరెంటు కావాలి, యూపీఎస్ గుండా వచ్చేటప్పుడు ఇంకొంత పోతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2007లో ఆ దేశ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదిక ప్రకారం, 2006లో అక్కడి సర్వర్లు, డేటా సెంటర్లు కలిసి సుమారు 6,100 కోట్ల యూనిట్లు వాడాయి. దేశం మొత్తం వాడకంలో అది ఒకటిన్నర శాతం.

ఈ ఖాళీని వాడుకునే ఉపాయమే వర్చువలైజేషన్. హార్డ్‌వేర్ మీద హైపర్‌వైజర్ అనే పొర ఒకటి కూర్చుని, ప్రాసెసర్, మెమరీ, డిస్కులను పంచి ఇస్తుంది. ఒక్కో వర్చువల్ మెషిన్, అంటే వీఎం, తనకంటూ సొంత సర్వర్ ఉన్నట్టే నడుస్తుంది. ఒకదాని అప్‌డేట్ ఇంకొకదాన్ని తాకదు కాబట్టి పాత పద్ధతికి ఉన్న కారణం తీరిపోతుంది. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో 1960ల్లోనే రూపుదిద్దుకుంది, 1972లో వీఎం/370గా మెయిన్‌ఫ్రేమ్ వాడేవారికి అందింది. మామూలు ఎక్స్86 సర్వర్లకు దాన్ని తెచ్చినది 1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ. 2007లో లైనక్స్ కెర్నల్‌లోనే కేవీఎం చేరాక, లైసెన్సులకు అంత ఖర్చు పెట్టలేని సంస్థలకూ దారి దొరికింది. కంట్రోల్ రూములో నాకు లైవ్ మైగ్రేషన్ చేసి చూపించారు. ఒక తెర మీద ఒక వీఎంకు పింగ్, అంటే అది స్పందిస్తోందా అని చూసే పరీక్ష, నడుస్తోంది, సెకనుకో వరుస పడుతోంది. ఇంకో తెర మీద ఇంజినీరు మైగ్రేట్ నొక్కారు. నడుస్తున్న వీఎం మెమరీ మొత్తం నెట్‌వర్క్ మీదుగా రెండో హోస్ట్‌కు, అంటే వీఎంలను మోసే మరో సర్వర్‌కు, కాపీ అవుతుంది. కాపీ అవుతుండగా మారిన పేజీలు మళ్లీ వెళ్తాయి, ఆలోపు మారినవి మరోసారి వెళ్తాయి. మిగిలింది బాగా తగ్గాక వీఎంను సెకనులో కొద్ది భాగం ఆపి, ఆ కాస్తా పంపి, అవతల మొదలుపెడుతుంది. పింగ్ వరుసల్లో ఒక్కటి కాస్త ఆలస్యంగా పడింది, తర్వాతవి మామూలుగానే వచ్చాయి. ఆ అప్లికేషన్‌లో పనిచేస్తున్నవారికి అది ఒక ర్యాక్ నుంచి ఇంకో ర్యాక్‌కు మారిన సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇంత సాఫీగా సాగుతుంటే ఇక కష్టం ఎక్కడుంది? దానికి జవాబు పక్క గదిలో ఒక ఎక్సెల్ షీట్‌లో కనబడింది. సర్వర్ పేరు, ఐపీ అడ్రస్, అప్లికేషన్, ఓనర్ అని కాలమ్‌లు. ఓనర్ కాలమ్‌లో కొన్నిచోట్ల ఉద్యోగం మానేసినవారి పేర్లు, కొన్నిచోట్ల ఇప్పుడు లేని శాఖల పేర్లు, కొన్ని గళ్లు ఖాళీ. అనుమానం ఉన్న సర్వర్‌ను ఇక్కడ వెంటనే ఆపరు. ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకి, మిషన్‌ను అలాగే నడవనిచ్చి, ఎవరు ఫోన్ చేస్తారో చూస్తారు. ఈ రంగంలో దీన్ని స్క్రీమ్ టెస్ట్ అంటారు. నెలాఖరు దాటినా ఎవరూ అడగకపోతే సరిపోదు. ఏడాదికోసారి మాత్రమే పనిపడే ప్రోగ్రాములు మిగతా నెలలన్నీ చచ్చిపడినట్టే కనబడతాయి. జొనాథన్ కూమీ, జాన్ టేలర్ 2015లో 4,000 సర్వర్ల సమాచారం పరిశీలిస్తే, దాదాపు 30 శాతం ఆరు నెలలుగా ఏ ఉపయోగపడే పనీ చేయలేదని తేలింది. అలాంటివాటిని వీఎంలుగా మార్చడం కూడా వృథాయే, ఆపేయడమే సరైన పని. లెక్క తేల్చడం ఎంత కష్టమో అమెరికా ప్రభుత్వ అనుభవం చూసినా తెలుస్తుంది. 1998లో 432గా ఉన్న ఫెడరల్ డేటా సెంటర్లు 2009 నాటికి 1,100 దాటాయని చెప్పి, 2010లో వాటిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టారు. తీరా శాఖలన్నీ లెక్కలు పంపితే ఆ ఏడాది జూలైకి 2,094 తేలాయి. తగ్గించబోయి లెక్కపెడితే అంకె దాదాపు రెట్టింపైంది. ఉన్నవెన్నో తెలియకుండా ఎన్ని తగ్గించామో ఎలా చెబుతాం?

లెక్క పక్కాగా చేసి, చివరిదాకా నడిపితే ఎంత మిగులుతుందో ఐబీఎం తన సొంత ఇంట్లోనే చూపింది. 1997లో తనకున్న 155 ప్రధాన డేటా సెంటర్లను ఆ తర్వాతి పదేళ్లలో ఏడుకు తెచ్చింది. 2007 ఆగస్టులో ఇంకో అడుగు ప్రకటించింది: సుమారు 3,900 సర్వర్ల పనిని లైనక్స్ నడిచే దాదాపు 30 మెయిన్‌ఫ్రేమ్‌ల మీదికి మార్చడం. వాటికి పట్టే కరెంటు సుమారు 80 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. తన మెయిన్‌ఫ్రేమ్‌లకు ప్రచారం కూడా అందులో ఉందన్నది నిజమే, అంచనా వేసింది అమ్మకందారే అన్నదీ నిజమే. అయినా ఆ ప్రకటనలో గమనించదగ్గది మరొకటుంది. ఖాళీ అయిన 3,900 సర్వర్లనూ రీసైక్లింగ్‌కు పంపుతామని అందులోనే చెప్పారు. పాతవాటిని టెస్టింగ్‌కని, బ్యాకప్‌కని అట్టిపెట్టుకునే దారి మొదట్లోనే మూసేశారు. చాలా సంస్థల్లో ఆదా ఆవిరైపోయేది సరిగ్గా ఆ దారిలోనే.

ఈ పద్ధతి మీద వచ్చే అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్క హోస్ట్ పోతే దానిమీది వీఎంలన్నీ ఒక్కసారిగా పోవా అన్నది మొదటిది. పోతాయి. హోస్టులన్నిటినీ కలిపి నడిపే క్లస్టర్ వాటిని మిగతా హోస్టుల మీద మళ్లీ బూట్ చేస్తుంది, అంటే కొన్ని నిమిషాల అంతరాయం తప్పదు. అందుకు ఒక హోస్ట్‌కు సరిపడా మెమరీ ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, ఒకే అప్లికేషన్‌కు చెందిన రెండు వీఎంలు ఒకే హోస్ట్ మీద పడకుండా నియమం పెట్టాలి, బ్యాకప్ ఆ స్టోరేజ్‌కు బయట ఉండాలి. ఇవన్నీ చేశాక పోల్చాల్సింది ఏ లోపమూ లేని వ్యవస్థతో కాదు, మదర్‌బోర్డు కాలిపోతే స్పేర్ వచ్చేదాకా ఎదురుచూసిన పాత సర్వర్‌తో. రెండో అభ్యంతరం భద్రత గురించి, అది ఇంకా బలమైనది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ రాన్సమ్‌వేర్ ప్యాచ్‌లు వేయని హైపర్‌వైజర్లలోకి చొరబడి, వాటి మీది వీఎంల ఫైళ్లనే లాక్ చేసింది. పునాది చిక్కితే పైనున్నవన్నీ చిక్కినట్టే. కాబట్టి హైపర్‌వైజర్ మేనేజ్‌మెంట్‌ను ఇంటర్నెట్‌కు అందనంత దూరంలో ఉంచడం, ప్యాచ్‌లు వాయిదా వేయకపోవడం ఇందులో విధిగా చేయాల్సినవి. లైవ్ మైగ్రేషన్ ఉన్నచోట హోస్ట్‌ను పట్టపగలు ఖాళీ చేసి ప్యాచ్ వేయవచ్చు కాబట్టి, వాయిదాకు పాత సాకు కూడా మిగలదు.

మూడోది ఒకే కంపెనీ చేతిలో పడతామన్న భయం. ఇది ఊహ కాదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతి పెట్టింది, బిల్లు బాగా పెరిగిందని చాలామంది కస్టమర్లు వాపోయారు. దానికి జవాబు పాత ర్యాకుల దగ్గరికి తిరిగి వెళ్లడం కాదు. కేవీఎం మీద నడిచే ప్రత్యామ్నాయాలున్నాయి; బయటికి వచ్చే ఖర్చును మొదటి రోజే లెక్కలో రాసుకోవాలి. క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకు అనేవారికీ ఒక మాట. అమెజాన్ 2006లో మొదలుపెట్టిన ఈసీ2 జెన్ హైపర్‌వైజర్ మీదే నడిచింది, అంటే క్లౌడ్ అన్నది ఇదే పని ఇంకొకరి హాలులో జరగడం. ఓనర్ తెలియని వీఎంకు అక్కడా బిల్లు వస్తూనే ఉంటుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఈ పద్ధతి విజయంలోంచే పుడుతుంది. సర్వర్ కొనాలంటే ఒకప్పుడు ఫైలు కదలాలి, టెండరు పిలవాలి, నెలలు ఆగాలి. ఇప్పుడు వీఎం నిమిషాల్లో తయారవుతుంది కాబట్టి ఎవరు అడిగినా ఇస్తారు, తిరిగి ఎవరూ అడిగి తీసుకోరు. కొన్నాళ్లకు కొత్త హోస్టులూ నిండిపోతాయి, మళ్లీ కొనుగోలు మొదలవుతుంది. నేను చూసిన చోట దీనికి పెట్టుకున్న అడ్డుకట్ట చాలా మామూలుది: ఓనర్ పేరు, గడువు తేదీ లేకుండా ఏ వీఎం తయారుకాదు, గడువు దాటితే పొడిగించమని ఓనరే అడగాలి, వాడిన మెమరీకి, డిస్కుకు లెక్కకట్టి నెలనెలా ఆ శాఖకే పంపుతారు. మెమరీ లెక్క ముఖ్యం. ప్రాసెసర్‌ను వీఎంలు వంతులవారీగా పంచుకోగలవు, పట్టి ఉంచిన మెమరీని అంత సులువుగా పంచుకోలేవు. చాలాచోట్ల హోస్ట్ నిండేది ముందు మెమరీలోనే. ఈ క్రమశిక్షణను ఏ హైపర్‌వైజరూ తనంతట తాను తీసుకురాదు, యాజమాన్యం పట్టుబట్టాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు డేటా సెంటర్ల మాట గట్టిగా వినబడుతోంది. విశాఖపట్నంలో ఏఐ హబ్ కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఏఐ పనులకు వేరే రకం చిప్‌లు, కొత్త సామర్థ్యం కావాలి. ఆఫీసు సర్వర్లను కుదించినంత మాత్రాన ఆ అవసరం తీరదు. కానీ కొత్త మెగావాట్ల కోసం నీళ్లూ కరెంటూ వెతుకుతున్న ఈ రోజుల్లో, ఉన్న మెగావాట్లు ఎవరి పనికి ఖర్చవుతున్నాయో చెప్పలేకపోవడం సమర్థించుకోలేని విషయం. ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, పెద్ద కంపెనీలు వర్చువలైజేషన్ పూర్తయిందని ప్రకటించేటప్పుడు మూడు అంకెలు కూడా చెప్పాలి: ఎన్ని పాత సర్వర్లకు కరెంటు ఆపారు, మీటరు ఎంత తగ్గింది, ఓనర్ తెలియని వీఎంలు ఇంకా ఎన్ని ఉన్నాయి. ఈ మూడూ చెప్పలేని చోట కొత్త సర్వర్ల కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టకండి.