కుక్కతో అడవి దారి: పది రోజులు నేర్పిన పాఠం



పదవీ విరమణ చేసిన వైద్యులకు రెండు జబ్బులు తప్పవని నా మిత్రుడొకరు హాస్యమాడుతుంటారు. మొదటిది మధుమేహం, రెండవది ఉచిత సలహా. నాకు రెండూ ఉన్నాయి. మొదటిదానికి మందు నాలుగేళ్ళ కిందట మా ఇంటికి నడిచి వచ్చింది. వానలో తడిసి, గేటు పక్కన వణుకుతున్న నల్లని ఊరకుక్క పిల్ల అది. మా మనుమరాలు దానికి ‘కాటుక’ అని పేరు పెట్టి, సెలవులు ముగియగానే తన ఊరికి వెళ్ళిపోయింది. కుక్క నాకు మిగిలింది.

వారానికి కనీసం నూట యాభై నిమిషాలు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేను ఆ మాటను వేలమంది రోగులకు చెప్పాను, నేను మాత్రం పాటించలేదు. కాటుక వచ్చాక ఆ సాకులు చెల్లలేదు. ఉదయం అయిదున్నరకు అది తలుపు దగ్గర నిలబడి చూసే చూపుకు ఏ వైద్యుడి హెచ్చరికా సాటిరాదు. ఆరు నెలల్లో నా చక్కెర అదుపులోకి వచ్చింది.

బెల్లంపల్లి అనగానే చాలామందికి బొగ్గు గనులే గుర్తుకు వస్తాయి. కాని ఊరు దాటి కొంత దూరం నడిస్తే టేకు చెట్లు మొదలవుతాయి. కుక్కతో నడవాలనుకునే వారికి ఇక్కడ మూడు రకాల దారులున్నాయి. రోజువారీ నడకకు చెరువు గట్లు చాలు. కొంచెం దూరం నడవగలిగితే కన్నాల వైపు, బుగ్గ రాజరాజేశ్వర స్వామి ఆలయానికి వెళ్ళే అటవీ మార్గం ఉంది. బుగ్గ అంటే ఊట. ఆ చల్లదనం గుడికి చేరకముందే ఒంటికి తగులుతుంది. ఇక ఆదివారాల్లో మంచిర్యాల వెళితే గోదావరి తీరం ఉంది. చలికాలపు ఉదయాన ఆ ఇసుకలో కాటుక పరుగు చూస్తే నా మోకాళ్ళ నొప్పి నాకు గుర్తుండదు.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కే. కనుక కుక్కతో కొండదారి పట్టడం మనకు కొత్త సంగతేమీ కాదు. అయితే కుక్కకు ఏ దారి అనువైనదని అడిగే ముందు, మన కుక్క ఆ దారికి తగినదా అని అడగాలి. ఈ ప్రశ్నను నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అది ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను.

రెండేళ్ళ కిందటి డిసెంబరు నెల. కన్నాల దారిలో మనుషులెవరూ కనిపించక, కాటుక మెడపట్టీ నుంచి గొలుసు విప్పాను. “పాపం, కాసేపు స్వేచ్ఛగా తిరగనీ” అనుకున్నాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా మేకల మంద. కాటుక వాటి మీదికి ఉరికింది. మేకలను కాచే పదకొండేళ్ళ పిల్లవాడు కర్ర అడ్డం పెట్టాడు. నేను కేకవేసేలోపే వాడి పిక్కను అది కరిచింది. రెండు పళ్ళ గాట్లు, వాటి నుంచి రక్తం.

దగ్గరే ఉన్న వాళ్ళ నాయనమ్మ పరుగున వచ్చింది. కొంగుముడి నుంచి పసుపు తీసి గాయానికి అద్దబోయింది. నేను ఆపాను.

“గింత దానికి దవాఖాన ఎందుకు సారూ? పసుపు పెడితే మానుతది” అంది ఆమె.

“గాయం మానుతుందమ్మా. నా భయం గాయం గురించి కాదు” అన్నాను.

ఆమె ఇంటి ముందున్న బోరింగు దగ్గర, సబ్బుతో, ధారగా పడే నీటి కింద పిక్కను పదిహేను నిమిషాలు కడిగాను. ఆ పదిహేను నిమిషాలు ఎంత దీర్ఘమో గడియారం చూస్తూ కడిగినవారికే తెలుస్తుంది. రేబీస్ వైరస్‌ను గాయంలోనే చాలావరకు నాశనం చేసే మొదటి చికిత్స అదే. పసుపు, సున్నం, కారం, నూనె గాయాన్ని రేపుతాయే గాని వైరస్‌ను చంపవు. కట్టు కట్టరాదు, అవసరమైతే తప్ప కుట్లు వేయరాదు.

అక్కడి నుంచి పిల్లవాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రక్తం వచ్చిన కాటు మూడవ తరగతి కాటు. టీకా ఒక్కటే దానికి చాలదు. టీకా వల్ల శరీరంలో రక్షణ తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అంతవరకు కాపు కాయడానికి ఇమ్యూనోగ్లోబులిన్ అనే సిద్ధమైన రక్షక పదార్థాన్ని గాయం లోపలా, చుట్టూ ఎక్కిస్తారు. టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. పిల్లవాడు సూదికి భయపడలేదు. “కుక్కను కొట్టకు సారూ, మేకలను చూసి ఉరికింది” అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి కాటుక టీకా కార్డు తీశాను. ఏటా వేయవలసిన రేబీస్ టీకా గడువు దాటి మూడు నెలలయింది. నా అక్షరాలతోనే రాసుకున్న తేదీ అది.

మిత్రులారా, ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఎందుకో చెప్పాలంటే చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నేను వృత్తిలో చేరిన కొత్తలో కుక్కకాటుకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవారు. గొర్రె మెదడు కణజాలం నుంచి తయారుచేసిన టీకా అది. ఆ నొప్పికి భయపడి చాలామంది మధ్యలోనే మానేసేవారు, కొందరు అసలు వచ్చేవారే కారు. మన దేశంలో 2004 తరువాత దానిని నిలిపివేశారు. ఆ పాత రోజుల్లో ఒక గని కార్మికుణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చారు. వయసు ముప్పై లోపు. రెండు నెలల కిందట పెంపుడు కుక్కపిల్ల గోటితో గీరి, ఆ చోట నాకిందట. కరవలేదు కదా అని ఊరుకున్నాడు. నేను గ్లాసుతో నీళ్ళు అందించాను. అతని గొంతు బిగుసుకుపోయింది, కళ్ళలో అంతులేని భయం. భార్య నన్ను బయటకు పిలిచి “బతుకుతడా సారూ?” అని అడిగింది. వ్యాధి లక్షణాలు మొదలైన తరువాత రేబీస్‌కు చికిత్స లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆమెకు నేనేమీ చెప్పలేకపోయాను. అతడు మూడో రోజు మరణించాడు.

ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశం వారే. మనుషులకు సోకే రేబీస్‌లో నూటికి తొంభై తొమ్మిది కుక్కల నుంచే వస్తుంది.

కరిచిన కుక్కను పది రోజులు గమనించమని వైద్యులు చెబుతారు. కరిచేనాటికి కుక్క లాలాజలంలో వైరస్ ఉంటే, ఆ పది రోజుల్లో అది జబ్బుపడి మరణిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల భయం లేనట్టే. అయితే ఆ ఫలితం కోసం టీకా ఆపి కూర్చోరాదు. టీకా మొదలుపెట్టాకే కుక్కను గమనించాలి.

ఆ పది రోజులు నేను కాటుకను వరండాలో కట్టి ఉంచాను. ఉదయం అది నీళ్ళు తాగుతుంటే గిన్నెలో ఎంత తగ్గిందో చూసేవాణ్ణి. మొరిగితే గొంతు మారిందేమోనని వినేవాణ్ణి. ఒకరోజు అది అన్నం ముట్టలేదు. ఆ పూటంతా నేనూ ముట్టలేదు. సాయంత్రం పక్కింటివారు పెట్టిన రొట్టె తిని కడుపు నిండిందని తెలిసింది. మూడో రోజు, ఏడో రోజు సూదికి పిల్లవాణ్ణి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. పదకొండో ఉదయం కాటుక ఎప్పటిలా తలుపు దగ్గరకు రావాలని గొలుసు లాగింది. వరండా మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడను.

ఆ పది రోజుల తరువాత నేను ఏర్పరచుకున్న నియమాలు ఇవి. మీ దారి ఏదైనా ఇవి పనికివస్తాయి.

ఒకటి, టీకా. కుక్కకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా, పశువైద్యుడు చెప్పిన గడువుకు మరో మోతాదు, ఆపైన ఏటా వేయించాలి. డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధుల టీకాలు కూడా అవసరమే. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ కుక్కకూ, మనకూ సోకుతుంది. కనుక మడుగుల్లో నీళ్ళు తాగనివ్వక, ఇంటి నుంచే నీళ్ళు తీసుకువెళ్ళాలి.

రెండు, గొలుసు. దారి నిర్మానుష్యంగా ఉందని మనం అనుకుంటాము. ఆ దారి మేకల కాపరిది, కట్టెలకు వెళ్ళే స్త్రీది, బడికి నడిచే పిల్లలది. మా ప్రాంతంలో మరో ప్రమాదమూ ఉంది. అడవి పందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు అమరుస్తారు. వాటికి పులులు, మనుషులు కూడా బలయ్యారు. చేను గట్ల వెంట విడిచిన కుక్కకు ఆ తీగ కనిపించదు.

మూడు, హద్దు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌కు కుక్కను తీసుకుపోరాదు. శివ్వారం, ప్రాణహిత అభయారణ్యాలకూ అంతే. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. మహారాష్ట్ర తడోబా నుంచి పులులు మా జిల్లాల వైపు వస్తుంటాయి. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో ఇద్దరు పులి దాడిలో మరణించారు. అటవీ శాఖ హెచ్చరించిన రోజుల్లో ఏ అటవీ మార్గమూ నడకకు తగదు. ఇది మన క్షేమం కోసమే కాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కల వ్యాధి అయిన డిస్టెంపర్ సోకి సుమారు వెయ్యి సింహాలు మరణించాయి. 2018లో మన గిర్ అడవిలో మరణించిన సింహాలలోనూ ఆ వైరస్ కనిపించింది. టీకా లేని కుక్క అడవికి మోసుకుపోగల ఆపద అంతటిది.

నాలుగు, ఎండ. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అది ఎక్కువగా వగర్చే వేడిని వదులుకుంటుంది. ఫిబ్రవరి దాటితే సూర్యోదయానికే నడక ముగించాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద అయిదు క్షణాలు ఆనించలేకపోతే, ఆ రోడ్డు దాని పాదాలకు తగదు. కుక్క తూలినా, చిగుళ్ళు మరీ ఎర్రబడినా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి.

అయిదు, ఇంటికి వచ్చాక పరిశీలన. కుక్క చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. తరువాత మీ ఒళ్ళు మీరు చూసుకోండి. పొదల్లో ఉండే నల్లి జాతి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. నడిచి వచ్చిన రెండు వారాల్లో జ్వరం వచ్చి, ఒంటి మీద నల్లని పొక్కు కనిపిస్తే వైద్యుడికి అడవికి వెళ్ళిన సంగతి చెప్పండి. సకాలంలో గుర్తిస్తే తక్కువ ఖరీదు మందుతోనే నయమవుతుంది.

కాటుక టీకా తేదీ ఇప్పుడు కార్డులో లేదు. మా దేవుడి గది పక్కన, క్యాలెండరు మీద ఎర్ర సిరాతో ఉంది. కన్నాల దారిలో ఇప్పటికీ నడుస్తున్నాము, గొలుసు విప్పకుండా. మేకల మంద ఎదురైతే పక్కకు తప్పుకొని, కాటుకను కూర్చోబెట్టి, మంద వెళ్ళేదాకా ఆగుతాను. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొన్న దూరం నుంచి చేయి ఊపి, “సారూ, సూది ఏసిండ్రా?” అని అరిచాడు.

“ఏసిన బిడ్డా” అన్నాను.

మీ ఇంట్లో కుక్క ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు దాని కార్డు తీసి చూడండి.