వీధి అరుగు

పూర్వము తెలుగునాట ఇల్లు కట్టదలచిన గృహస్థుడు వీధివైపున రెండు అరుగులకు చోటు విడిచిపెట్టెడివాడు. గుమ్మమునకు కుడియెడమల మోకాలెత్తున కట్టిన ఆ అరుగులు ఇంటివానివే. కాని వానిపై ఇంటివారు కూర్చుండినదానికంటె ఊరివారు కూర్చుండినదే ఎక్కువ. మండుటెండలో నడచివచ్చిన బాటసారి ఎవరి నడుగకయే మూట దించి, స్తంభమున కానుకొని కన్నులు మూసెడివాడు. ఇల్లాలు తలుపు చాటునుండి చూచి, చెంబుతో మంచినీళ్ళు పంపెడిది. అతని పేరేమి, ఊరేమి యనునవి ఆ తరువాతి మాటలు. తిన్నె యని మఱియొక పేరు గల ఈ అరుగు ఇంటివారు తమ సొమ్ముతో కట్టి, వీధికి ఇచ్చివేసిన చోటు.

ఇల్లు తాను నిలిచిన నేలనుబట్టి రూపము దాల్చును. శ్రీకాకుళ, విశాఖ తీరములందు తుపానుగాలి తాకి ప్రక్కలకు జారిపోవునట్లు గుండ్రని చుట్టిండ్లు కట్టి, తాటాకు కప్పును మనిషి వంగి లోనికి పోవలసినంత క్రిందికి దించిరి. వానలు తక్కువయైన రాయలసీమలో దూలములపై చవుడు మన్ను పఱచిన మిద్దెలు వెలసినవి. కోనసీమలోని మండువా లోగిలి సొగసు వేఱు. నాలుగు వైపులనుండి పెంకుల కప్పు లోపలికి వాలియుండును. నడుమ ఆకాశము కనిపించును. వానకాలమున నాలుగు చూరుల నీరును ఇంటి నడుమనే పడుచుండగా, పిల్లలు గడప దాటకయే కాగితపు పడవలు విడుతురు.

ఇంతవరకు తాపీమేస్త్రీయో, వడ్రంగియో చెప్పగలడు. కాని ఒకే వీధిలో, ఒకే కొలతతో, ఒకే మేస్త్రీ కట్టిన రెండు ఇండ్లలో ఒకదానికి పోయినవానికి లేవబుద్ధి కాకుండుటయు, రెండవదాని నుండి పని కాగానే బయటపడవలెనని తోచుటయు ఏల జరుగునో ఆ మేస్త్రీ చెప్పలేడు. అది తెలియవలెనన్న వారములు చేసికొని చదివిన పిల్లవాని నడుగవలెను.

వసతిగృహములు లేని దినములలో పొరుగూరికి చదువుకొనబోయిన పేదబాలుడు ఏడిండ్లను ఆశ్రయించి, దినమున కొక యింట భోజనము చేసెడివాడు. సోమవారము ఒకరింట, మంగళవారము మఱియొకరింట. ఇట్లు వారము గడచెడిది. ఏ యింటి తీరు ఎట్టిదో అతనికి తెలిసినట్లు ఆ యింటి అల్లునికైనను తెలియదు. ఒక యింట నిలువుటద్దములు, వెండిపళ్ళెరములు ఉండవచ్చును. అయినను పెరటి గుమ్మముకడ పిలుపుకొఱకు నిలువబడి యుండుటయే అచట అతనికి గుర్తుండిపోవును. వేఱొక యింట చారును మజ్జిగయు మాత్రమే. కాని అతడు వచ్చుసరికి పీట వాల్చి యుండును. గూటిలో ముసలమ్మ సగము చేసి విడిచిన వత్తులు, వ్యాసపీఠముపై గుర్తుగా తాటాకుముక్క పెట్టిన భారతము, నూతిప్రక్కన ఇంటిపెద్ద స్వయముగా పాదుచేసిన మల్లెయంటు. అలంకారమునకని తెచ్చిన వస్తు వొక్కటియు లేదు. వాడుకచే అరిగిన ఆ వస్తువులను చూచినంతనే, ఆ యింటివారు దేనిని ప్రేమింతురో, ప్రొద్దు ఎట్లు పుచ్చుదురో తెలిసిపోవును. "ఏమి నాయనా, నే డింత ఆలస్యమైనదేమి? పాఠము అప్పగింపలేదా?" అని ముసలమ్మ అడుగుటతో బాలునికి అది పరాయి యిల్లను తలంపు పోవును.

దీనికి విరుద్ధముగా, పొరుగింట చూచిన తెరలనే తమ యింటను వ్రేలాడగట్టి, ఎన్నడును చదువని గ్రంథములను అద్దాల బీరువాలో పేర్చి, పెద్ద యుద్యోగులు వచ్చిననాడు మాత్రమే సోఫాపై ముసుగు తొలగించు గృహస్థులు నేడును కలరు. పాపము, వారు తమ యింట తామే అతిథులు.

అయితే ఈ అరుగు కథలో తలవంచుకొని చెప్పవలసిన భాగమొకటి కలదు. ఆ చల్లని నీడ అందఱిదియు కాలేదు. అస్పృశ్యులని దూరముంచబడినవారు అరుగుపై కూర్చుండుట అటుండగా, పెక్కు వీధులలో నడచుటకైనను నోచుకొనలేదు. దప్పిక గొన్నవానికి చెంబు అందీయక ఎత్తునుండి దోసిట నీరు పోసిన చేతులే, సాయంకాలము అదే గుమ్మమున దీపము పెట్టినవి. వీధిబడులు ఆ యరుగులపైననే సాగినవి. కాని ఎందఱో పిల్లలకు ఆ యక్షరములు దూరమునుండి వినబడుటయే కాని దిద్దుకొనుట లేకపోయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. లోపల పీట వాల్చుట మాత్రము ఇంటివారి వంతు; ఆ పని నేటికిని అన్ని యిండ్లలో పూర్తికాలేదు.

ఇట్టి మూసిన తలుపుల కాలముననే రాజమహేంద్రవరమున ఒక యింటి తలుపు తెఱచుకొన్నది. కందుకూరి వీరేశలింగము పంతులు గారు 1881 డిసెంబరు 11న ఆ పట్టణమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. బాల్యముననే భర్తను కోల్పోయి, ఎచటను ఆదరణ లేని బాలికలకు ఆ దంపతులు తమ యింట ఆశ్రయమిచ్చిరి. ఊరు ఊరకుండలేదు. వంటవారు మానిరి, నీళ్ళు తెచ్చువారు మానిరి. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తామే వంట చేసి, గోదావరికి పోయి నీరు మోసి తెచ్చిరి. సభలలో వాదించుట పంతులు గారి పని. వచ్చిన పిల్లకు ఆ రాత్రి పడుకొన చోటు చూపి, మఱునాటికి బియ్యము కొలుచుట ఆమె పని. మొదటిదానిని గూర్చి ఎన్నో పుటలు వ్రాయబడినవి. రెండవదానికి నాలుగు పంక్తులతో సరిపుచ్చుట పరిపాటి యైనది. భయపడుచు ఆ గడప దాటిన బాలిక గోడల రంగు చూచియుండదు. ఎదురువచ్చిన ఆమె ముఖమును చూచియుండును.

నేడు వీధులు వెడల్పు చేయుటలో అరుగులు పెక్కు పోయినవి. పట్టణములలో నేల గజముల లెక్కను కొనవలసినది గనుక, క్రొత్తగా కట్టువారు అరుగు మాట తలపెట్టరు. అంతస్తుల భవనములలో ఒక్కొక్క తలుపు ముందు రెండు బండల వెడల్పు చోటు మిగులును. ముగ్గు వేయ తీరికలేనివారు అంగటిలో అచ్చువేసి అమ్ము ముగ్గును అంటింతురు. దానిలో బియ్యపుపిండి లేదు గనుక చీమకును పిచ్చుకకును పని లేదు.

అట్టి భవనమున మూడవ అంతస్తులో, పల్లెనుండి కొడుకింటికి వచ్చిన మామ్మ యొకతె తన పాత చెక్కపీటను తలుపు వెలుపల వేసి, ప్రక్కన మూతపెట్టిన చెంబును ఉంచినది. కోడలికి అది నచ్చలేదు. నడవలో ఎవరును సామాను పెట్టరాదని సంఘము వారు కాగితము అంటించిరి. కార్యదర్శి మెట్లెక్కు చప్పుడు వినగానే మామ్మ పీటను లోనికి లాగికొనును. అతడు పోగానే మరల వెలుపల వేయును. ఒకనాడు మధ్యాహ్నము సరకుల పొట్లములు పంచు కుఱ్ఱవాడు చెమటలు క్రక్కుచు వచ్చి దానిపై చతికిలబడెను.

"ఎవరింటికి నాయనా?" అని మామ్మ అడిగెను.

"పై అంతస్తుకండి, మామ్మగారూ. లిఫ్టు పనిచేయుట లేదు. కొంచెము కూర్చుండవచ్చునా?"

"కూర్చుండిన తరువాత అడుగుట యేమి? ముందు నీళ్ళు త్రాగు."

లోపలినుండి కోడలు తొంగిచూచినది. ఏమియు అనలేదు. చెంబు ఖాళీ కాగా, తీసికొనిపోయి మరల నింపి తెచ్చి పీటప్రక్కన పెట్టినది.