నాచారం జిప్సీ

మెకానికల్ చదివేవాడికి చుట్టాల్లో ఒక ఖర్మ ఉంటుంది. ఎవరి మిక్సీ ఆగిపోయినా, ఎవరి స్కూటర్ స్టార్ట్ కాకపోయినా ఫోన్ మనకే వస్తుంది. థర్డ్ ఇయర్‌కి వచ్చేసరికి నేను దాన్ని ఖర్మ అనుకోవడం మానేసి గౌరవం అనుకోవడం మొదలుపెట్టాను. గొడవంతా అక్కడే వచ్చింది.

మా మామకి బీబీనగర్ అవతల నాలుగెకరాలుంది. చేనికి పోయే దారిలో వాగు. వానాకాలం వస్తే బైక్ ఇవతలి ఒడ్డున పెట్టి, ప్యాంటు మడిచి దాటాలి. అందుకని ఒక జిప్సీ కొందామని మామ ఆలోచన. కొత్తది ఎలాగూ దొరకదు. 1985లో మొదలుపెట్టిన ఆ బండి తయారీని మారుతి వాళ్ళు 2019లో ఆపేశారు. నాచారంలో ఒక రిటైర్డ్ అంకుల్ దగ్గర 2007 మోడల్ జిప్సీ కింగ్ ఉందని ఎవరో చెప్పారు. రేటు మూడు లక్షల ఇరవై అయిదు వేలు.

"అల్లుడా, నువ్వు రావాలె. గేర్ల సంగతి నాకేం తెలుస్తది" అన్నాడు మామ. కాలర్ ఎగరేసుకుని వెళ్ళాను.

బండి శుభ్రంగా ఉంది. అంకుల్‌కి మోకాళ్ళ నొప్పులు, క్లచ్ తొక్కలేకపోతున్నాడు, అందుకే అమ్ముతున్నాడట. "ఫోర్ వీల్ వేసి చాన్నాళ్ళైంది బాబూ. మట్టిల చూస్తరని ముందు హబ్బులు లాక్ చేసి పెట్టిన" అన్నాడు. ఆ "మట్టిల" అన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి వెళ్ళలేదు.

ముగ్గురం ఉప్పల్ భగాయత్ వైపు పోయాం. విశాలమైన రోడ్లు, ఖాళీ ప్లాట్లు, అడ్డొచ్చేవాళ్ళు తక్కువ. టెస్ట్ డ్రైవ్‌కి ఇంతకంటే మంచి చోటేముంది అనుకున్నాను. ఎండకి కాగిన డాంబర్ రోడ్డు మీద బండి ఆపి, చిన్న లివర్ పట్టుకుని 2హెచ్ నుంచి 4హెచ్, న్యూట్రల్ దాటించి 4ఎల్‌లోకి లాగాను. యూట్యూబ్‌లో చూసిందే. స్టీరింగ్ పూర్తిగా కోసి యూటర్న్ మొదలుపెట్టాను.

స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. బండి ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ముందుకు కదలదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కాను. ఠక్! కింద ఏదో విరిగినట్టు చప్పుడు. మళ్ళీ ఠక్! భయపడి ఆపేసి లివర్ వెనక్కి లాగితే అది రాదు. రెండు చేతులతో లాగినా రాదు. చివరికి కొంచెం రివర్స్‌లో కదిపాక దానంతటదే ఊడొచ్చింది.

అంకుల్ మొహం పాలిపోయింది. "పదిహేడేళ్ళల్ల ఎన్నడూ ఈ చప్పుడు రాలె" అన్నాడు. అప్పుడు నేను నోరు విప్పాను. ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్ పోయింది, షిఫ్టర్ పట్టేసింది, మొత్తం దింపి విప్పాల్సిందే, నలభై యాభై వేలు అవుతుంది... ఆ మాటల్లో ఒక్కదానికీ నా దగ్గర ఆధారం లేదు. అంకుల్ ఒక్కటే అడిగాడు. "నువ్వు ఇంజనీరింగేనా బాబూ?" అవునన్నాను. రేటు రెండు ఎనభైకి దిగింది. మామ నా భుజం తట్టాడు.

మర్నాడు ఆటోమొబైల్ ల్యాబ్‌లో ల్యాబ్ అన్నకి ఈ కథ గొప్పగా చెప్పాను. అన్న అంతా విని "ఏడ తిప్పినవ్? డాంబర్ మీదనా?" అన్నాడు. అవునన్నా. అన్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒక సుద్దముక్క నా చేతికిచ్చి, మలుపులో రెండు యాక్సిల్స్ ఎంతెంత దూరం పోతాయో లెక్క కట్టమన్నాడు.

పైథాగరస్ చాలు. జిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు. బిగుతు మలుపులో వెనక యాక్సిల్ మధ్య బిందువు 4.5 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే, ముందు యాక్సిల్‌ది దాదాపు 5.1 మీటర్లు. అంటే పావు వలయం తిరిగేసరికి ముందు చక్రాలు వెనకవాటికంటే సుమారు 90 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. 2హెచ్‌లో ఇబ్బంది లేదు, ముందు చక్రాలకి ఇంజన్‌తో సంబంధం ఉండదు. ఫోర్ వీల్ వేసి హబ్బులు లాక్ చేశాక, ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ ఒకే వేగంలో తిరగమని కట్టేస్తుంది. ఎడమా కుడీ చక్రాల మధ్య తేడా సర్దడానికి ప్రతి యాక్సిల్‌లో డిఫరెన్షియల్ ఉంది. ముందూ వెనకల మధ్య ఈ బండికి అదేమీ లేదు. మరి ఆ 90 సెంటీమీటర్లు ఎక్కడికి పోవాలి?

మట్టిలో అయితే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. ఎండు డాంబర్ టైరుని జారనివ్వదు. అప్పుడు తేడా అంతా షాఫ్టుల్లో, గేర్ పళ్ళలో మెలిపడి నిలుస్తుంది. మెలి భరించలేనంతైతే టైరు ఒక్క గెంతు గెంతి వదిలేస్తుంది. అదీ నా "ఠక్". లివర్ రాకపోవడానికీ అదే కారణం, పళ్ళ మీద బరువుంది. రివర్స్‌లో మెలి విడిపోగానే ఊడొచ్చింది. నేను మలుపులో చూసింది 4ఎల్‌లో, ఆపైన ఇంకో సంగతి. లోలో చక్రాల దగ్గర టార్క్ హైలో కంటే సుమారు 1.6 రెట్లు. నేను తొక్కిన ప్రతి యాక్సిలరేటర్ నొక్కూ అంత పెద్దదై బండి ఎముకల మీద పడింది. కాసేపు అలాగే తిప్పి ఉంటే నేను చెప్పిన అబద్ధం నిజమయ్యేది.

సాయంత్రం మామకి ఫోన్ చేశాను. "మామా, బండి మంచిదే. నేనే తప్పు తిప్పిన." అవతల చాలాసేపు ఏమీ లేదు. తర్వాత "నలభై అయిదు వేలురా" అన్నాడు. నేనూ ఏమీ అనలేదు. "పైసలు ఇంకా కట్టలె కదా" అని ఇంకో నిమిషం ఆగి, "సరే పో, ఆదివారం మళ్ళ పోదాం" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో మామ వద్దంటే నేనూ ఊరుకునేవాణ్ణేమో. ఇప్పటికీ తెలీదు.

ఆదివారానికి వాన పడి ఉంది. భగాయత్ చివర ఇంకా రోడ్డు పడని మట్టి దారి, పక్కన ఒక చిన్న దిబ్బ. అక్కడిదాకా 2హెచ్‌లోనే పోయాం. క్లచ్, గేర్లు, బ్రేకులు, వెనక యాక్సిల్ చప్పుడు, ఇవన్నీ డాంబర్ మీద చూడాల్సినవి, చూశాం. మట్టిలో దిగాక కిందికి దిగి ముందు రెండు హబ్బులూ లాక్‌కి తిప్పాను. ఒక్కటి మర్చిపోయినా, లివర్ ఎక్కడ ఉన్నా లాగేది వెనక చక్రాలే. ఆ లో గేర్ బలమంతా ఒక్క వెనక యాక్సిల్ మీద పడుతుంది.

బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, మెయిన్ గేర్ న్యూట్రల్ చేసి, చిన్న లివర్‌ని ఒకే బిగువుతో 4ఎల్‌లోకి. మొదటిసారి పడలేదు. బలవంతం చేయకుండా క్లచ్ వదిలి మళ్ళీ తొక్కాక మెత్తగా పడింది. సెకండ్ గేర్‌లో కదిలించాను. అంకుల్ కింద నిలబడి ముందు చక్రాలు మట్టి విసురుతున్నాయో లేదో చూశాడు. దిబ్బ ఎక్కి, సగంలో ఆగి, మళ్ళీ కదిలాం. అన్న ముఖ్యంగా చూడమన్నది మాత్రం దిగేటప్పుడు. ఫస్ట్ గేర్, క్లచ్ మీదా బ్రేక్ మీదా కాలు లేకుండా. ఇంజనే బండిని పట్టుకుని ముసలాయన మెట్లు దిగినట్టు దించింది. లోపల అరిగిపోయి ఉంటే లివర్ దానంతటది బయటికి దూకేది అక్కడే. నేను దాని మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నా. కదల్లేదు.

దొరికిన లోపం ఒక్కటే, ఎడమ హబ్బు బిగుసుకుంది. విప్పి గ్రీజు పెడితే పోయేది.

కిందికి వచ్చాక అంకుల్‌కి లెక్కంతా చెప్పాను, సారీతో సహా. ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. "మొన్న రాత్రి నిద్ర పట్టలె బాబూ. ఏండ్లకేండ్లు ఊకె నిలవెట్టి నేనే ఖరాబ్ చేసిన్ననుకున్న" అన్నాడు.

మామ మూడు పది ఇచ్చాడు. పదిహేను వేలు హబ్బు పేరు చెప్పి తగ్గించాడు, అదీ ఎక్కువే. నేనేం అనలేదు, ఆ రోజుకి నా మాటల కోటా అయిపోయింది.

బీబీనగర్ పోవాలంటే ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డే. నారపల్లి దాకా 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ కింద గుంతల సంగతి మీకు తెలిసిందే. మొదటి గుంతలో బండి ఊగగానే మామ "ఫోర్ వీల్ వెయ్‌రా!" అన్నాడు. గుంతలకి కావాల్సింది ఎత్తు మామా, లో గేర్ కాదు అన్నాను. అన్నానే గానీ, సందేహం వచ్చి పక్కకి ఆపి దిగాను. లివర్ 2హెచ్‌లోనే ఉంది. కుడి హబ్బు ఫ్రీ. ఎడమది ఇంకా లాక్‌లోనే ఉంది. బిగుసుకుంది కదా, వెనక వాళ్ళు హారన్లు కొడుతుంటే కటింగ్ ప్లయర్‌తో తిప్పాల్సి వచ్చింది.