మిగిలింది మజూరీ... పోయింది థ్రెడ్డు!

బెజవాడ బందరు రోడ్డులో ఆటోనగర్ గేటు దాటితే చాలు... సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, డీజిలు వాసన! లారీ బాడీ కట్టడం నుంచి బోల్టు బిగించడం దాకా ఇక్కడ దొరకని పనంటూ లేదు.

అలాంటి చోటికి నేను తలదించుకుని వెళ్లాల్సి వచ్చింది. వంద సీసీ బండికి పట్టే ఆయిలు లీటరుకు మించదు. ఇంజిన్ కాస్త వేడెక్కాక కింది బోల్టు విప్పి పాతది కార్చేయడం, కొత్తది పోయడం... ఈమాత్రానికి మెకానిక్ ఎందుకని ఇంట్లోనే కానిచ్చేశా. మజూరీ మిగిలిందన్న హుషారులో బోల్టును బలంకొద్దీ బిగించా. అల్యూమినియం కదా, థ్రెడ్డు కాస్తా పోయింది!

'బలం కాదు బాబూ, ఒడుపు కావాలి. ముందు చేత్తో తిప్పాలి, పానా చివర్లోనే' అన్నాడు మేస్త్రీ, కొత్త థ్రెడ్డు వేస్తూ. తర్వాత అడిగాడు... 'పాత ఆయిలు ఏం చేశారు?'

సీసాలో పట్టి తెచ్చింది చూపించా. షెడ్డు మూలనున్న డ్రమ్ములో పోయించాడు. శుద్ధిచేసేవాళ్లు కొనుక్కెళతారట.

ఏలూరు, బందరు, రైవస్... మూడు కాలవలు పారే ఊరిది. లీటరు పాత ఆయిలు పది లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదు. అందుకే, ఆయిలు మీరే మార్చుకున్నా... పాతది మాత్రం మేస్త్రీకే అప్పగించండి.