ఎనిమిదవ నెల బిడ్డ

ఏడవ నెల బిడ్డ బ్రదుకుననియు, ఎనిమిదవ నెల బిడ్డ నిలువదనియు మన పెద్దలు చెప్పుకొను మాట యొకటి, ఒక యింట ప్రాణాధారముగను, మరియొక యింట శాపముగను పరిణమించుటను శిశువైద్యమున తల నెరసిన నేను కన్నులార చూచితిని.

మొదటి బిడ్డ గోదావరి లంకలలో కూలి చేసికొని జీవించు దంపతులకు 28వ వారముననే కలిగినవాడు. బరువు 980 గ్రాములు. కాగితమువలె పలుచనైన చర్మము క్రింద నీలినరములు కనబడుచుండ, ఊపిరి తీసినప్పుడెల్ల చిన్ని డొక్కలు లోనికి పోవుచుండ, ఆ శిశువు మూలుగుచుండుట వినినచో ఎంత అనుభవముగల వైద్యునికైనను గుండె జారును. ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొనిపోకుండ కాపాడు సర్ఫాక్టెంటను పదార్థము నెలలు నిండనివారిలో చాలినంత లేకపోవుటయే ఈ కష్టమునకు మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అను అమెరికా పరిశోధకులు వెల్లడించిరి. అయినను 1963లో, ఐదున్నర వారములు ముందుగా జన్మించిన అధ్యక్షుడు కెనడీ కుమారుడు, రెండు దినములైన నిండక మున్నే ఈ వ్యాధికే బలియయ్యెను. అమెరికా అధ్యక్షుని బిడ్డకు ఆనాడు దొరకని సర్ఫాక్టెంటు మందును, ఒక కూలివాని బిడ్డ ఊపిరితిత్తులలోనికి సన్నని గొట్టముద్వారా పోయుచు, ఆ సంగతియే తలచుకొంటిని.

అయినను ఆ రాత్రి తండ్రిని ప్రక్కకు పిలిచి, ఆశ పెట్టుకొనవద్దని చెప్పితిని. అది నేను పలుకదగిన మాట కాదు. అపాయమును దాచక చెప్పవలసినదే. కాని ఆశను త్రుంచివేయుటకు నాకేమి అధికారము? వెనుకనే నిలిచి వినుచున్న నాయనమ్మ, "ఏడో నెల బిడ్డ నిలుస్తాడు బాబూ, మీరు చెయ్యాల్సింది చెయ్యండి" అని, పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టి, ఏడుకొండలవానికి పుట్టువెంట్రుకలు మ్రొక్కినది. ఆ నానుడి తప్పని తెలిసియు నేను ఖండింపలేదు.

ఆమె విశ్వాసమును నేను గౌరవించుటకు కారణము, అది ఆమెను ఒక్క దినమైనను ఊరక కూర్చుండనీయకపోవుటయే. కోడలిచేత రెండు గంటలకొకమారు పాలు పిండించి, తొలినాళ్లలో మేము గొట్టముద్వారా రెండేసి మిల్లీలీటర్లు మాత్రమే పోయుచున్నను, తక్కిన పాలను చూచి విసుగుకొనక, మరల వేళకు పిండించెడిది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, ఉష్ణపేటికలు చాలక ఎడ్గార్ రే అను వైద్యుడు ఆరంభించిన పద్ధతి ననుసరించి, బిడ్డను తల్లి రొమ్ముపై ఒంటికి ఒళ్లు తగులునట్లు గుడ్డతో కట్టి యుంచితిమి. తల్లి అలసినప్పుడు తండ్రియు, అతడు కూలికి పోయినప్పుడు నాయనమ్మయు ఆ భారమును వహించిరి. ఉగ్గుగిన్నెతో పాలు పట్టుట మా నర్సులకన్న ఆమెకే బాగుగ తెలియును. "ఇవాళ ఎంత తూగాడు బాబూ?" అనునదియే ప్రతి ఉదయము ఆమె నన్ను పలుకరించు మాట. 61వ దినమున 1,750 గ్రాముల బరువుతో వాడు ఇల్లు చేరెను. ఏడాది నిండినను నడువలేదని ఇరుగుపొరుగువారు గుసగుసలాడినప్పుడు, ఇట్టి బిడ్డ వయస్సును పుట్టిననాటినుండి కాక, పుట్టవలసిన నాటినుండి లెక్కింపవలెనని ఆమెకు బోధపరచితిని. పదహారవ నెలలో వాడు నడచినాడు. గుండుతో, తిరుపతి లడ్డు చేతబట్టుకొని వచ్చినాడు.

రెండవ బిడ్డ 32వ వారమున, 1,500 గ్రాముల బరువుతో జన్మించిన ఆడశిశువు. గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే కావున, మొదటివానికన్న ఈమెకు బ్రదుకు మీద హక్కు మిక్కిలి ఎక్కువ. కాని "ఎనిమిదో నెల పిల్ల గదండీ" అని ఆ యింటివారు నిట్టూర్చిరి. తల్లిచేత పాలు పిండింపవలెనని ఎవరికిని తోచలేదు. మొదటి యింట నేను ఖండింపక విడిచిన నానుడియే ఇచ్చట నాకెదురై నిలిచినది. రెండు దినములు వాదించి, తల్లిని తెచ్చి బిడ్డచెంత కూర్చుండబెట్టితిని. బిడ్డ పాలు త్రాగినది, బరువెక్కినది, ఇంటికి పోయినది. బ్రదుకదనుకొన్న పిల్ల బ్రదికినందున గండము గడచినదని వారికి తోచినది. ఆ సంతోషములో నాకును అట్లే తోచినది. నెలలు నిండనివారి కంటి రెటీనాలో రక్తనాళములు వికృతముగా పెరిగి, దానిని లాగివేసి చూపును హరింపవచ్చుననియు, సకాలమున కనుగొన్నచో లేజరు చికిత్సతో పెక్కుమందికి చూపు నిలుపవచ్చుననియు నేను ఎరుగనివాడను కాను. కంటిపరీక్ష తేదీని చీటిపై వ్రాసితిని, నోట చెప్పలేదు. ఆ తల్లికి చదువు రాదు. ఐదవ నెలలో తీసికొనివచ్చినప్పుడు, నేను చూపిన దీపమువైపు ఆ బిడ్డ కన్ను త్రిప్పలేదు.

నాటినుండి చీటితో నేను తృప్తిపడక, ఆ తేదీని తల్లిచేత మూడుమార్లు పలికించి గాని ఏ బిడ్డనును ఇంటికి పంపుట లేదు.

మీ యింటగాని, పొరుగింటగాని 34 వారములు నిండకుండ, లేక రెండు కిలోలకన్న తక్కువ బరువుతో బిడ్డ పుట్టినచో, అది ఏ నెలయని లెక్కలు కట్టక, వెంటనే తల్లి రొమ్మునకు చేర్పుడు. పుట్టిన 4 వారములలోపల, మరీ చిన్నబిడ్డయైనచో 2, 3 వారములకే, కంటివైద్యునిచేత ఆ బిడ్డ రెటీనాను పరీక్ష చేయింపుడు.